రెండెకరాల పదకొండు గుంటలు

ఇరవై ఐదేళ్ల తర్వాతి బెంగళూరు
మా ఆఫీసు బల్ల మీద ఆరుతోంది.
ప్లాటరు సిరా ఇంకా పచ్చిగానే ఉంది,
నా బొటనవేలికి కొంచెం పార్కు అంటుకుంది.

ఆకుపచ్చ ఎంత శాతం ఉండాలో పైనుంచి చెప్తారు.
ఎక్కడ ఉండాలో మాత్రం
ఆనేకల్ రికార్డు గదిలోని గుడ్డపటం చెప్పాలి.
విప్పితే కలరా ఉండల వాసన.
మడత దగ్గర చిరిగి ఒక ఊరు రెండూళ్లయింది.

సర్వే నంబరు నూట ఆరు.
సాగుభూమి ఇంత, శిస్తు ఇంత,
ఆఖరి గడిలో
బి-ఖరాబు, రెండెకరాల పదకొండు గుంటలు.
కాలవ, బండిదారి, మందలు నిలిచే చోటు, పిల్లల్ని పూడ్చే దిబ్బ:
శిస్తు రానిదంతా ఖరాబే ఆ గుమాస్తాకి.
మా ఇంట్లో విరిగిన పాలకు వాడే మాట.

చౌడప్పను పిలిపించాను.
చైన్‌మన్‌గా రిటైరై తొమ్మిదేళ్లు.
ఇనుప చైను తుక్కు కిందికి పోయింది గానీ
ఆయన వేళ్లు ఇంకా లింకులు లెక్కపెడుతూనే ఉంటాయి,
టీ గ్లాసు పట్టుకున్నప్పుడు కూడా.

బైకుల షోరూము వెనక, జనరేటరు పక్కన
మడమతో నేలను తట్టి చూశాడు.
"ఈడ మూడూర్ల రాయి ఉండల్ల."
కాపలా ఉన్న అస్సాం కుర్రాడు దీపాంకర్
భాష అర్థంకాకపోయినా పార తెచ్చిచ్చాడు.
మూరెడు లోతున, పగిలిన టైల్సు కింద,
తలమీద గీతలతో రాయి.
"ఇంకా అట్లే ఉండావా," అన్నాడు దాంతో,
బస్టాండులో పాత డ్యూటీవాడు కనబడినట్టు.

అక్కణ్నుంచి తూర్పుకి కొలిచాం.
కాలవ షోరూము క్యాష్ కౌంటరు కిందుగా వెళ్లింది.
బ్యాడ్మింటన్ కోర్టు నెట్టు దాటింది.
ఒక ఇంటి తులసికోటను ఒరుసుకుంటూ
ఉద్యోగుల సొసైటీ లేఔట్‌లోకి మళ్లింది,
మొదటి క్రాసు, రెండో క్రాసు,
సైటు నంబరు ముప్పై ఒకటి.

ముప్పై బై నలభై. తూర్పు వాకిలి.
ఇంకా అరవై రెండు కంతులున్నాయి.
అమ్మినవాడు కాగితాలు అన్నీ చూపించాడు,
నేనూ అన్నీ చూశాను,
చూడడమే నా ఉద్యోగం.

చౌడప్ప నా మొహం వంక చూడలేదు.
టేపు చుట్టుకుంటూ, ఎవరికో చెప్తున్నట్టు:
"రాయిని రెండు పాళ్లు లోపల, ఒక పాలు పైన పాతమంటా వుండ్రి మ్మా.
పైది పగలగొట్టేది మన కాలమోడే.
కిందిది వెతుక్కునేటోడు ఇంకా పుట్టిండడు."
తర్వాత దీపాంకర్‌కి చేత్తో సైగ:
పూడ్చెయ్. బయటుంటే బతకదు.

రాత్రి ఆఫీసులో నేనూ, ఫ్యానూ.
నీలం గీత గీశాను. అటు పదిహేను మీటర్లు, ఇటు పదిహేను.
సైటు పూర్తిగా పోయింది,
పక్క సైటులో కొంచెం మిగిలింది,
అది మా సూపరింటెండెంటు గారిది,
ఒక మంచం పట్టేంత.
గీత కాస్త ఉత్తరానికి జరిపి చూశాను.
నిజం చెప్పాలంటే రెండుసార్లు జరిపాను.
నీళ్లు ఎగువకు పారాల్సొచ్చింది.
తిరిగి రాయి దగ్గరకు తెచ్చాను.

ఈ పటం గడువు తీరేనాటికి నాకు డెబ్భై ఒకటి.
ఖరాబు అన్న మాట కొట్టేసి ఏం రాయాలో తోచలేదు.
చట్టంలో దానికి వేరే పేరు లేదు.
అలాగే ఉంచి, కింద
రాయి ఉన్న చోటు అక్షాంశం, రేఖాంశం,
లోతు: ఒక మూర, అని రాశాను.

ఫైలు మూడోసారి తిరిగొచ్చింది.
మార్జిన్‌లో ఎర్రసిరా: చర్చించండి.
ఎవరితోనో లేదు.

చౌడప్పకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.
ఈ వేళప్పుడు ఏ గట్టు మీదో నడుస్తుంటాడు,
అడుగులు లెక్కపెడుతూ.
మధ్యలో ఆగితే
మళ్లీ మొదట్నుంచి రావాలి.